8 పళ్లు, 43 పళ్లు

జీపు వెనక చక్రాల్లో ఒకదాన్ని మాత్రం జాకీతో లేపి, రెండోదాన్ని నేలమీదే ఉంచి, లేచిన చక్రం టైరు మీద సుద్దముక్కతో ఒక గీత, ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఇంకో గీత గీశాడు మేస్త్రి. గేరు న్యూట్రల్‌లో ఉంది. షెడ్డు కుర్రవాడు చక్రం తిప్పుతుంటే నేను కింద గోనెపట్టా మీద పడుకుని షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టాను. చక్రం 20 చుట్లు పూర్తయ్యేసరికి షాఫ్టు 53 చుట్లు దాటి, 54వ చుట్టులో ముప్పావు వంతు దగ్గర ఆగింది. ముందు ఇరుసుకీ ఇదే చేశాం. అక్కడ 48 చుట్లు, ఆపైన ముప్పావు.

రెండు లెక్కలూ విని మేస్త్రి నవ్వాడు. “ముందు సగం ఒక బండిది, వెనక సగం ఇంకో బండిది సార్” అన్నాడు.

జీపు మా బావగారిది. విల్లీస్ కంపెనీ 1953లో తెచ్చిన సీజే-3బీ నమూనా. మహీంద్రా వారు 1947లో ముంబయిలో విల్లీస్ జీపులు బిగించడంతో మొదలుపెట్టి, ఈ ఎత్తు బానెట్టు జీపును దశాబ్దాల పాటు తయారుచేశారు. ఇంజను ఎత్తు పెరగడంతో దాన్ని కప్పడానికి బానెట్టునూ ఎత్తాల్సి వచ్చింది. అందుకే యుద్ధకాలపు జీపు పక్కన నిలబెడితే ఇది తలపాగా చుట్టుకున్నట్టు ఉంటుంది. బావగారు విజయవాడ ఆటోనగర్‌కి బండి తెచ్చింది మూడు ఫిర్యాదులతో. 50 కిలోమీటర్ల వేగం దాటితే వెనక నుంచి సన్నగా ఏడుపు. యాక్సిలరేటరు వదిలి మళ్లీ తొక్కినప్పుడల్లా ‘ఠక్’. ఫోర్-వీల్ వేసి నాలుగు అడుగులు గట్టినేల మీద నడిపితే ఇక ఆ లివరు వెనక్కి రాదు. మూడూ వెనక ఇరుసు రోగాలే అని ఆయన తీర్మానం. మేస్త్రి మాత్రం ఒక్క బోల్టూ విప్పకుండా ముందు సుద్దముక్క తీశాడు.

చక్రం 20 చుట్లకి షాఫ్టు 53.75 చుట్లు తిరిగితే నిష్పత్తి 2.69 అనుకుంటాం. కాదు. రెండో చక్రం నేలమీద కదలకుండా ఉంది కదా, అప్పుడు లోపలి పెద్ద పళ్లచక్రం, అంటే క్రౌను, తిరిగేది సగమే: 10 చుట్లు. కాబట్టి నిష్పత్తి 5.375. ఎనిమిదితో హెచ్చిస్తే సరిగ్గా 43. షాఫ్టు వైపునుంచి క్రౌనును తిప్పే చిన్న పళ్లచక్రానికి, అంటే పినియనుకు, 8 పళ్లు, క్రౌనుకు 43. ముందు ఇరుసులో 4.875, అంటే 8 పళ్లకు 39. మూత తియ్యకుండానే లోపలి పళ్లు లెక్కపెట్టినట్టయింది. ఇరవై చుట్లు తిప్పించడం ఎందుకంటే, రెండు చుట్లతో సరిపెడితే తేడా అర చుట్టే. పళ్ల సందుల్లోని వదులుతో, కంటి అంచనాతో అది తప్పిపోవచ్చు. ఇరవైకి అయిదు చుట్ల తేడా వస్తుంది, ఎవరికైనా దొరుకుతుంది.

ఈ పరీక్ష ఇంట్లో చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. ఈ జీపుల్లో హ్యాండ్‌బ్రేకు పట్టేది చక్రాలను కాదు, ప్రొపెల్లర్ షాఫ్టును. ఒక వెనక చక్రం గాలిలో ఉంటే హ్యాండ్‌బ్రేకు ఎంత లాగి ఉన్నా బండి దొర్లగలదు: నేలమీది చక్రం ముందుకు, గాలిలోది వెనక్కి తిరుగుతాయి, షాఫ్టు మాత్రం కదలదు. మిగతా చక్రాల కింద రాళ్లు పెట్టనిదే బండి కిందికి దూరకూడదు.

షాఫ్టు కదలకపోయినా చక్రాలు తిరగడమేమిటి? అది డిఫరెన్షియల్ మాయ. కళ్లంలో నూర్పిడి చూసినవాళ్లకి దాని అవసరం చప్పున తెలుస్తుంది. మేటి రాటకు వరసగా కట్టిన ఎడ్లలో రాట పక్కనున్నది ఉన్నచోటే తిరిగినట్టు అడుగులేస్తుంది. చివరిది దాదాపు పరుగు తీస్తుంది. జీపు రెండు వెనక చక్రాల మధ్య దూరం సుమారు 1.23 మీటర్లు. బండి ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలిదానికంటే 7.7 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. ఆ చుట్టు ఇంటి వాకిట్లోనా, ఊరి చెరువు చుట్టూనా అన్నదానితో పనిలేదు, తేడా ఎప్పుడూ అంతే. టైరు చుట్టుకొలత లెక్కన చూస్తే మూడున్నర చుట్లు. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగించేస్తే ఈ మూడున్నర చుట్లనూ ఏదో ఒక టైరు నేలకేసి రుద్దుకుంటూ తీర్చాలి, లేదా కడ్డీ మెలిపడాలి.

ఎడ్లబండికి ఈ బాధ లేదు. చక్రాలు ఇరుసు మొనల మీద దేనికది తిరుగుతాయి, ఎందుకంటే బండిని లాగేవి ఎడ్లు. ఇరుసు ఊరికే మోస్తుంది. మోటారుబండిలో ఇరుసే చక్రాలను తిప్పాలి. రెంటినీ తిప్పాలి, రెంటినీ ఒకే వేగంతో తిప్పకూడదు. ఫ్రాన్సులో గడియారాల పనితనం తెలిసిన ఒనెసిఫోర్ పెక్యూర్ 1820ల చివర్లో ఆవిరిబండి కోసం దీనికి పరిష్కారం కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లండులో కోవెంట్రీ ఊరి జేమ్స్ స్టార్లీ 1877లో మూడుచక్రాల సైకిలుకు పెట్టాడు. మోటారుకార్లు వచ్చేనాటికి ఈ యంత్రం సిద్ధంగా ఉంది.

లోపల ఉన్నది ఇంతే. క్రౌనుకు బిగించిన పెట్టెలో అడ్డంగా ఒక కడ్డీ. దానిమీద ఎదురెదురుగా రెండు చిన్న పళ్లచక్రాలు. మన షెడ్లలో వీటిని స్టార్ పినియన్లంటారు. అవి కుడిఎడమల ఉన్న రెండు సైడు గేర్లతో కలిసి ఉంటాయి. సైడు గేర్లలోంచి యాక్సిల్ షాఫ్టులు చక్రాలకు పోతాయి. కావడి మోసేవాణ్ణి తలుచుకోండి. భుజం బద్ద నడిమధ్యన ఉంటుంది, రెండు కొసల బరువూ సమానంగా ఉండాలి. ఒక కొస కిందికి దిగితే రెండోది అంతే పైకి లేస్తుంది. స్టార్ పినియను ఒక గుండ్రటి కావడిబద్ద. కడ్డీ దాని నడుమును నెడుతుంది, అది రెండువైపుల సైడు గేర్లనూ సమానంగా నెడుతుంది. బండి తిన్నగా పోతున్నంతసేపూ స్టార్ పినియను తనచుట్టూ తాను తిరగదు, పెట్టెతోపాటు మొత్తంగా తిరుగుతుంది. మలుపులో మాత్రం మెల్లగా దొర్లి, ఒక చక్రం నుంచి తీసిన చుట్లను రెండోదానికి ఇస్తుంది. రెండు చక్రాల చుట్లూ కలిపితే ఎప్పుడూ క్రౌను చుట్లకు రెట్టింపు. మనం సుద్దముక్కతో వాడుకున్న సూత్రం ఇదే.

కావడి న్యాయంలో ఒక అన్యాయమూ ఉంది. వానాకాలం నల్లరేగడిలో ఒక చక్రం జారిందంటే దానికి పట్టు లేదు. దానికెంత బలం అందుతుందో రెండోదానికీ అంతే. గట్టినేల మీదున్న చక్రం చూస్తూ నిలబడుతుంది, బురదలోది రెట్టింపు వేగంతో గిరగిరా తిరుగుతుంది. జీపుకు ముందు ఇరుసు కూడా ఇవ్వడానికి కారణాల్లో ఇదొకటి.

ఇక బావగారి మూడో ఫిర్యాదు. ఫోర్-వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు ముందు, వెనక షాఫ్టులను ఒకే వేగంతో కట్టిపడేస్తుంది. ఆ రెంటి మధ్య డిఫరెన్షియల్ లేదు. వెనక 5.375, ముందు 4.875 అయితే, వెనక చక్రాలు 100 మీటర్లు దొర్లేసరికి ముందువి 110 మీటర్లు దొర్లాలనుకుంటాయి. బురదలో ఆ పది మీటర్లూ జారి సరిపోతాయి. గట్టినేల మీద జారే దారిలేక షాఫ్టులన్నీ మెలిపడి గేర్ల మీద బిగుసుకుంటాయి, లివరు కదలదు. నిష్పత్తులు సరిగా ఉన్న జీపునైనా ఫోర్-వీల్‌లో తారురోడ్డు మీద మలుపులు తిప్పకూడదు; ఇది తిన్నటి రోడ్డు మీదే బిగుసుకుంటోంది.

ఈ తప్పు ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. రెండో ప్రపంచయుద్ధపు విల్లీస్ ఎంబీ జీపులో ముందూ వెనకా 8/39. సీజే-3బీలో ముందూ వెనకా 8/43. రెంటిలోనూ ముందు ఇరుసు స్పైసర్ కంపెనీ 25 రకమే. క్లారెన్స్ స్పైసర్ పేరు మీద పుట్టిన ఆ కంపెనీయే 1946లో డానాగా పేరు మార్చుకుంది, అందుకే పాతవాళ్లు స్పైసర్ అంటే కొత్తవాళ్లు డానా అంటారు. పైనుంచి చూస్తే రెంటికీ పోలికలు ఒకటే. ఎప్పుడో ముందు ఇరుసు విరిగితే తుక్కు కొట్టులో దొరికినదాన్ని ఎవరో తగిలించారు. అది అతికింది, టూ-వీల్‌లో నడిచింది, ఎవరికీ అనుమానం రాలేదు.

వెనక ఇరుసు అయితే పైనుంచే గుర్తుపట్టొచ్చు. ఎంబీ వెనక చక్రం నడిమధ్య చూడండి: షాఫ్టు అంచును హబ్బుకు ఆరు బోల్టులతో బిగించి ఉంటుంది. అందులో బండి బరువంతా ఇరుసు బయటి తొడుగు, అంటే హౌసింగ్, మోస్తుంది, షాఫ్టు తిప్పడానికే. బండిని చక్రాల మీదే నిలబెట్టి షాఫ్టును కత్తిలా బయటికి లాగెయ్యొచ్చు. సీజే-3బీలో ఉండే డానా 44 ఇరుసుకు చక్రం మధ్యలో ఒకే పెద్ద నట్టు, దానికి అడ్డంగా స్ప్లిట్ పిన్ను. షాఫ్టు మొన సన్నబారి హబ్బులో చీలతో బిగిసి ఉంటుంది. అది మోస్తుంది, తిప్పుతుంది కూడా. ఆ హబ్బు ఊడాలంటే గట్టి పుల్లరు ఉండాలి, ఓపిక అంతకంటే ఎక్కువ ఉండాలి. సుత్తితో కొట్టి ఊడదీసేవాళ్లూ ఉన్నారు. ఆ దెబ్బ షాఫ్టు పొడవునా పోయి అవతలి బేరింగుకు తగులుతుందని వాళ్లకు చెప్పినా వినరు. హౌసింగ్ పోత మీద 44 అంకె, వెనక మూత బోల్టు కింద పళ్ల లెక్క ఉన్న రేకు బిళ్ల కూడా ఉండాలి. రేకు బిళ్ల ఉన్నా పూర్తిగా నమ్మొద్దు. లోపలి పళ్లు మార్చినవాడు బిళ్ల మార్చి ఉండడు.

అసలు 43 ఎందుకు, చక్కగా 40 పెట్టి అయిదింతలు చెయ్యొచ్చు కదా? 8కి 40 అయితే పినియను మీది ఒక్కో పన్నూ జీవితమంతా క్రౌనులోని అవే అయిదు పళ్లను కలుస్తుంది. ఒక పంటికి గాటు ఉంటే ఆ అయిదింటినే తింటుంది. 8కీ 43కీ ఉమ్మడి భాజకం లేదు. కాబట్టి ప్రతి పన్నూ అవతలి ప్రతి పంటినీ కలిశాకే మొదటి జత మళ్లీ కలుస్తుంది. మధ్యలో 344 కలయికలు. అరుగుదల అన్ని పళ్లకూ సమానంగా పడుతుంది. గేర్లు గీసే ఇంజనీర్లు ఉమ్మడి భాజకం లేని అంకెలను వెతుక్కునేది ఇందుకే.

వెనక ఇరుసు మూత విప్పగానే ముందు వచ్చింది వాసన. మురిగిన గుడ్డు వాసన. అది చెడు లక్షణం కాదు. ఈ పినియను క్రౌను నడిమి గీతకు ఎదురుగా ఉండదు, కాస్త కిందికి దిగి ఉంటుంది. హైపాయిడ్ అనే ఈ అమరికను ప్యాకార్డ్ కార్లు 1926లో తొలిసారి పెద్దయెత్తున వాడాయి. ప్రొపెల్లర్ షాఫ్టు కిందికి దిగడంతో కారు నేల కూడా దిగింది. పినియను లావెక్కి బలపడింది. బదులుగా పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడంతోపాటు పొడవునా జారుతాయి కూడా. ఆ రాపిడిలో మామూలు నూనె పొర నిలవదు. అందుకని గంధకం, భాస్వరం కలిసిన ఈపీ 90 ఆయిలు. వేడికి ఆ గంధకం ఉక్కు మీద పల్చని పొర కట్టి పళ్లు అతుక్కుపోకుండా కాపాడుతుంది. వాసన ఆ గంధకానిదే. ఇరుసు మోత అణచడానికి ఆయిల్లో రంపపు పొట్టు కలిపి అమ్మేసే పాత దళారుల తెలివి గురించి వినే ఉంటారు. మా అదృష్టం, ఇందులో పొట్టు లేదు. అడుగున అయస్కాంతం పెట్టి తిప్పితే బూడిదరంగు బురద, నాలుగైదు సన్నని మెరుపు రేకులు. పంటి ముక్క ఒక్కటీ లేదు.

‘ఠక్’ ఎక్కడిది? షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే పాతిక డిగ్రీల దాకా ఊగింది. క్రౌను, పినియను అరిగిపోయాయి, జత మార్చెయ్యండని సాధారణంగా చెప్పేది ఇక్కడే. కానీ ఒక చిన్న లెక్క వెయ్యాలి. క్రౌను వ్యాసం సుమారు 216 మిల్లీమీటర్లు. క్రౌను, పినియను పళ్ల మధ్య ఉండాల్సిన ఖాళీ 0.15 మిల్లీమీటరు, రెండు వెంట్రుకల మందం. ఆ ఖాళీ క్రౌనును కదిలించేది డిగ్రీలో పన్నెండో వంతు. షాఫ్టు దగ్గర అది 5.375 రెట్లయినా అర డిగ్రీ కూడా కాదు. ఖాళీ మూడింతలై ఉన్నా డిగ్రీన్నర దాటదు. మరి పాతిక డిగ్రీల దొంగ ఇంకెక్కడో ఉన్నాడు.

డయల్ గేజి పెట్టి చూస్తే క్రౌను ఖాళీ 0.28 వచ్చింది, ఎక్కువే, కానీ ‘ఠక్’మనేంత కాదు. స్టార్ పినియన్లను వేలితో కదిపితే లటలట ఊగాయి. కడ్డీ తీసి చూస్తే దానిమీద గోరు దిగేంత గాడి. స్టార్ పినియన్ల వెనక ఉండాల్సిన వాషర్లు కాగితంలా పల్చబడ్డాయి. బురద చక్రాలు గిరగిరా తిరిగిన వానాకాలాలన్నిటి గుర్తూ అక్కడ ఉంది, ఎందుకంటే స్టార్ పినియన్లకు నిజంగా పని పడేది అప్పుడే. యాక్సిల్ షాఫ్టుల చీలల దగ్గర, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల దగ్గర మరికొంత వదులు. అన్నీ కలిసి పాతిక.

ఏడుపు సంగతి పినియను బేరింగు చెప్పింది. దాని గిన్నె లోపల మశూచి మచ్చల్లాంటి గుంటలు. బేరింగు అరిగితే పినియను తన చోటునుంచి జరుగుతుంది, పళ్లు కలవాల్సినచోట కలవవు, అదే కూత. పళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. ఆ జతను మార్చొద్దని మేస్త్రి పట్టుబట్టాడు. నాకూ అదే సబబనిపించింది. క్రౌను, పినియనులను కర్మాగారంలోనే ఒకదానితో ఒకటి రాపిడి చేసి జత కలుపుతారు, రెంటిమీదా ఒకే నంబరు చెక్కుతారు. ఒకదాని పినియను ఇంకోదాని క్రౌనుకు పెడితే పళ్ల లెక్క సరిపోతుంది గానీ చెవి ఒప్పుకోదు.

విప్పేటప్పుడు బేరింగు టోపీల మీద కుడిఎడమల గుర్తులు చూసుకోవాలి. వాటిని హౌసింగ్‌తో కలిపే తొలిచారు, తారుమారు చేస్తే బేరింగు నలుగుతుంది. హౌసింగ్‌ను కొంచెం విప్పార్చే పనిముట్టుతో పెట్టెను బయటికి తియ్యాలి; అరమిల్లీమీటరు మించి సాగదీస్తే హౌసింగ్ మళ్లీ మునుపటి ఆకారానికి రాదు. తీసిన ప్రతి షిమ్మునూ ఏ పక్కదో రాసి దారానికి గుచ్చాడు కుర్రవాడు. ఆ ఉక్కు రేకులే ఈ పనికి ప్రాణం. పినియను ఎంత లోతుకు దిగాలో ఒక షిమ్ముల కట్ట చెబుతుంది, దాని బేరింగులు ఎంత బిగువుగా ఉండాలో ఇంకో కట్ట, క్రౌను కుడికా ఎడమకా జరగాలో పక్కల ఉండే కట్టలు. కొత్త బేరింగులు వేశాక పినియనును తిప్పడానికి 2.3 నుంచి 4.5 న్యూటన్ మీటర్ల బలం పట్టాలి. మేస్త్రి అది స్ప్రింగు త్రాసుతో చూశాడు: పినియను కాలరు చుట్టూ దారం చుట్టి, త్రాసు కొక్కేనికి తగిలించి, నిదానంగా లాగాడు. మొదటిసారి ఎక్కువ బిగిసింది. ఒక పల్చటి షిమ్ము చేర్చాడు. మళ్లీ విప్పి మళ్లీ బిగించాడు. మధ్యాహ్నమంతా ఈ ఒక్క పనికే పోయింది.

సాయంత్రం పసుపురంగు ఆయిల్ పెయింటు తెచ్చి క్రౌను మీద నాలుగైదు పళ్లకు పూశాడు. ఒక చేత్తో క్రౌనుకు అడ్డం పట్టి, ఇంకో చేత్తో పినియనును అటూ ఇటూ తిప్పాడు. పళ్లు కలిసినచోట పెయింటు చెదిరి, గింజలాంటి ముద్ర పడింది. ఆ ముద్ర చదవడమే విద్య. పంటి మొదట్లోకి దిగితే పినియను లోపలికి ఎక్కువ వచ్చింది, షిమ్ము తియ్యాలి. పంటి అంచుకు ఎక్కితే వెనక ఉంది, షిమ్ము వెయ్యాలి. పంటి సన్నకొసకు జరిగితే క్రౌను దగ్గరైంది, లావుకొసకు జరిగితే దూరమైంది. ఇంజను నెట్టేటప్పుడు ఆనే వైపు ఒకటి, యాక్సిలరేటరు వదిలినప్పుడు ఆనే వైపు మరొకటి. రెంటిమీదా ముద్ర చూడాలి. మొదటి ముద్ర అంచుకు ఎక్కింది. ఒక పదోవంతు మిల్లీమీటరు షిమ్ము వేశాక నడిమికి వచ్చింది, కానీ లావుకొస వైపు కాస్త వాలి. మేస్త్రి దాన్ని అక్కడే వదిలేశాడు. ఏళ్లుగా అరిగిన జతను పుస్తకంలోని బొమ్మకు తెచ్చేకంటే, అది అలవాటుపడిన చోటే ఉంచితే నిశ్శబ్దంగా ఉంటుందని ఆయన లెక్క. ఖాళీ 0.18 దగ్గర నిలిచింది.

ముందు ఇరుసుకు కొత్త 8/43 జత తెప్పించాం. పినియను తలమీద +3 అని చెక్కి ఉంది. ఈ పినియను కొలత ప్రకారం ఉండాల్సిన చోటుకంటే అంగుళంలో మూడు వెయ్యోవంతులు వెనక్కి ఉండాలని దాని అర్థం. పాతదానిమీద సున్నా. కాబట్టి పాత షిమ్ముల్లోంచి అంతమందం, అంటే 0.08 మిల్లీమీటరు, తీసి తొలి అంచనాగా బిగించారు. మిగతాది పసుపు పెయింటు తేల్చింది. ఇరుసు పైనుండే చిన్న గాలిగొట్టం రెంటికీ మూసుకుపోయి ఉంటే తీగతో పొడిచి తెరిచాడు కుర్రవాడు. అది మూసుకుంటే వేడికి లోపలి గాలి ఉబ్బి, ఆయిలును సీలులోంచి బ్రేకుల మీదికి తోస్తుంది.

మూడోరోజు మళ్లీ సుద్దముక్క, మళ్లీ 20 చుట్లు. వెనక 53 ముప్పావు, ముందు 53 ముప్పావు. కొత్త పళ్లు సర్దుకునేదాకా ఇరవై కిలోమీటర్లకోసారి ఆపి చల్లారనివ్వమని, 800 కిలోమీటర్లకు ఆయిలు మార్చమని మేస్త్రి బావగారికి చెప్పాడు. తీసేసిన 8/39 క్రౌనునూ పినియనునూ కుర్రవాడు డీజిలుతో కడిగి, గ్రీజు రాసి, రెంటినీ కలిపి బైండింగ్ వైరుతో కట్టి అటక మీద పెట్టాడు. “అమ్మేస్తారా?” అని అడిగాను.

“ఎంబీ జీపు వాళ్లెవరైనా వస్తార్లెండి” అన్నాడు.